విజిటర్ వీసా మీద వెళ్లి అక్కడివాళ్ల ఇల్లు, కుక్కని చూసుకోవచ్చా?

గోదావరిగట్టు:

నమస్కారం. మాది రాజమండ్రి. మావారు ఈమధ్యే బ్యాంకు నుంచి రిటైర్ అయ్యారు. ఇంగ్లండులో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాం, ఆరు నెలల విజిటర్ వీసా వచ్చింది. వాళ్లది చిన్న ఫ్లాట్. అల్లుడు మంచివాడే కానీ అన్ని నెలలూ వాళ్ల మధ్యే ఉండాలంటే మాకే మొహమాటం.

ఊరెళ్లేవాళ్ల ఇంట్లో ఉంటూ వాళ్ల కుక్కనో పిల్లినో చూసుకుంటే అద్దె ఇవ్వక్కర్లేదని, దాన్ని హౌస్ సిట్టింగ్ అంటారని అమ్మాయి స్నేహితురాలు చెప్పింది. ట్రస్టెడ్ హౌస్‌సిట్టర్స్ లాంటి సైట్లలో ఏడాదికింత అని ఫీజు కట్టి చేరాలట. స్కాట్లండ్ చూడాలని మావారికి ఎప్పటినుంచో కోరిక.

మాకు కుక్కలు కొత్త కాదు. మా రాముడు పదమూడేళ్లు మాతో ఉండి మొన్న సంక్రాంతికి ముందు పోయాడు. గేటు చప్పుడైతే ఇప్పటికీ అటే చూస్తాం. భార్యాభర్తలు కలిసి ఇలా చేసిన తెలుగువాళ్లుంటే చెప్పండి. రోజు ఎలా గడుస్తుంది? మేం శాకాహారులం, మాంసం ముట్టుకోవాల్సి వస్తుందా?

లీడ్స్ ఇల్లాలు:

గోదావరిగట్టు గారూ, ముందు వీసా సంగతి చెప్తాను. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు ఇక్కడ పని చెయ్యకూడదు. డబ్బు చేతికి రాకపోయినా, ఉండటానికి ఇల్లిచ్చారు కాబట్టి అదీ ప్రతిఫలమే అని ఎయిర్‌పోర్టులో అధికారి అనుకోవచ్చు. వెనక్కి పంపితే ఆ మచ్చ తర్వాతి వీసాలన్నిటికీ అడ్డొస్తుంది. అమ్మాయి దగ్గరికి రాకపోకలు ముఖ్యం కదా, దయచేసి ఆ రిస్క్ తీసుకోకండి. మేమిద్దరం ఇక్కడి పౌరులం కాబట్టి ధైర్యంగా చేస్తున్నాం.

రోజు ఎలా ఉంటుందో మా పిట్లాక్రీ అనుభవం చెప్తాను. అది స్కాట్లండ్ కొండల్లో చిన్న ఊరు. టమ్మెల్ నది మీద డ్యామ్ ఉంది, సాల్మన్ చేపలు ఎగువకి వెళ్లడానికి దాని పక్కన మెట్లలా తొట్లు కట్టారు. ఇంటివాళ్లు స్పెయిన్ వెళ్తూ పదకొండేళ్ల లాబ్రడార్ బెల్లాని పన్నెండు రోజులు మాకు వదిలారు.

పొద్దున్న ఆరున్నరకి నడక. తిండిలో కీళ్ల మందు. నాలుగు గంటలకి మించి ఒంటరిగా వదలొద్దన్నారు. ఎడిన్‌బరా రైల్లో సుమారు రెండు గంటల దూరం, అంటే వెళ్లిరావడానికే ఆ టైమ్ అయిపోతుంది. అందుకే ఒకరోజు నేను వెళ్లి కోట చూశాను, ఇంకోరోజు మావారు వెళ్లారు. కలిసి దిగిన ఫోటో ఒక్కటీ లేదు. ఇద్దరం కలిసి ఊళ్లు తిరగాలనుకుంటే ఈ పద్ధతి సరిపడదు. ఒకే ఊళ్లో స్థిమితంగా ఉండి, ఆ డ్యామ్ దాకా రోజూ నడవడం ఇష్టమైతే ఇంతకన్నా హాయి లేదు.

గొర్రెలున్న చోట గొలుసు వదలకూడదు. కుక్క గొర్రెల్ని తరిమినా సరే, స్కాట్లండ్‌లో 2021 చట్టం ప్రకారం 40,000 పౌండ్ల దాకా జరిమానా పడొచ్చు. ఆ మాట తెలిశాక మావారు గొలుసు చేతికి రెండు చుట్లు చుట్టుకునేవారు.

మా వల్ల జరిగిన పొరపాటు కూడా చెప్పాలి. ఆ పన్నెండు రోజుల్లోనే ఉగాది వచ్చింది. పాయసం చేసి గిన్నె సోఫా పక్కన పెట్టి వీడియో కాల్‌లో మా అమ్మతో మాట్లాడుతున్నాను. తిరిగి చూసేసరికి బెల్లా అడుగంటా నాకేసింది. అందులో గుప్పెడు కిస్మిస్ ఉంది. ద్రాక్ష, కిస్మిస్ కుక్కల కిడ్నీల్ని పాడుచేస్తాయి. ఎన్ని తింటే ప్రమాదమో ముందుగా ఎవరూ చెప్పలేరు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఇంటివాళ్లు ఫ్రిజ్ మీద అంటించిన వెట్ (పశువుల డాక్టరు) నంబరుకి మావారు ఫోన్ చేశారు, వెంటనే తీసుకెళ్లాం. గంటలోపే తెచ్చారు కాబట్టి సరిపోయిందని ఇంజెక్షన్ ఇచ్చి కక్కించారు, రాత్రంతా సెలైన్ ఎక్కించారు.

ఇంటావిడకి అప్పుడే ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "చెప్పినందుకు థాంక్స్, దాని పక్కనే ఉండండి" అన్నారు. బిల్లు మేమే కట్టాం. బెల్లా కోలుకుంది. ఇప్పుడు ఏ ఇంటికెళ్లినా నేను మొదట చేసే పని మా పోపుల డబ్బా, కిస్మిస్, చాక్లెట్ పై అరలోకి ఎక్కించడం.

మాంసం గురించి అడిగారు. నేనూ తినను. బెల్లాకి పొడి గింజల తిండే. యార్క్‌లో ఒక ఇంట్లో మాత్రం పచ్చిమాంసం పెట్టాలి, ఆ పని మావారు చూసుకున్నారు. ఒప్పుకునే ముందే అడగొచ్చు, ఎవరూ తప్పు పట్టరు.

న్యూజెర్సీ తమ్ముడు:

అమెరికాలోనూ అంతే అండీ. 2022లో ఒక ఆస్ట్రేలియా ఆవిడ పిల్లుల్ని చూసుకోవడానికి కెనడా వెళ్తూ లాస్ ఏంజెలెస్‌లో విమానం మారబోయారు. అంతకుముందు అమెరికాలో ఇలాగే ఇళ్లు చూసుకున్నానని చెప్పడంతో అక్కడి నుంచే వెనక్కి పంపేశారు. అప్పట్లో వార్తల్లో బాగా వచ్చింది.

గోదావరిగట్టు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. వీసా మాట తెలిశాక ఆ ఆలోచన మానుకున్నాం. స్కాట్లండ్‌కి నాలుగు రోజులు మామూలుగానే గది తీసుకుని వెళ్తాం, ఆ డ్యామ్ కూడా చూస్తాం. లీడ్స్ అమ్మాయ్, ఒకటడుగుతాను. కిస్మిస్ సరే, ఉల్లిపాయ కూడా పడదా? మా రాముడికి రోజూ పులుసన్నమే పెట్టేదాన్ని.

లీడ్స్ ఇల్లాలు:

ఉల్లి, వెల్లుల్లి రెండూ కుక్కలకి మంచివి కావండీ, ఉడికించినా అంతే. ఎక్కువైతే రక్తకణాలు దెబ్బతింటాయి. కానీ అప్పట్లో మనకెవరు చెప్పారు? మా పుట్టింట్లోనూ కుక్కకి పప్పుచారు అన్నమే. రాముడు పదమూడేళ్లు బతికాడంటే మీరు బాగా చూసుకున్నారు. మనసులో పెట్టుకోకండి.

లీడ్స్ వైపు వస్తే మా ఇంటికి రండి. వచ్చే నెల నుంచి మా దగ్గర మా సొంత కుక్కపిల్ల ఉంటుంది.