రాత్రి బస్సు డ్రైవరు అలసటను ఆయన మాటతో కొలవాలా, పరికరంతో కొలవాలా?

పరిశోధక విద్యార్థి, అనంతపురం:

అనంతపురం నుంచి గుత్తి, డోన్, కర్నూలు మీదుగా హైదరాబాదు వెళ్ళే రాత్రి బస్సుల డ్రైవర్ల మీద పరిశోధన మొదలుపెట్టబోతున్నాను. పని వల్ల మనసు మీద పడే భారాన్ని, మానసిక అలసటను, డ్రైవరు ఒంటి కొలతలకు సీటు సరిపోయిందా లేదా అన్న సంగతిని కలిపి చూడాలన్నది నా ఉద్దేశం. అయితే కొలిచే పద్ధతి దగ్గరే మా విభాగంలో అభిప్రాయభేదం వచ్చింది. గుండె లయను నమోదు చేసే పట్టీ, కనురెప్పలను గమనించే కెమెరా ఉంటే తప్ప ఫలితాన్ని ఎవరూ నమ్మరని పెద్దలు అంటున్నారు. మనిషిని అడిగి తెలుసుకున్నదే ప్రధానమైన కొలత కావాలన్నది నా వాదన.

నేను వాడదలచుకున్నది పనిభారాన్ని కొలిచే నాసా టీఎల్ఎక్స్ (టాస్క్ లోడ్ ఇండెక్స్) అనే ప్రశ్నావళి. శాండ్రా హార్ట్, లోవెల్ స్టేవ్‌లాండ్ అనే పరిశోధకులు దీన్ని 1988లో ప్రచురించారు. పని ముగిశాక మనిషి ఆరు విషయాలకు 0 నుంచి 100 వరకు మార్కులు వేస్తాడు: మనసు ఎంత పెట్టవలసి వచ్చింది, ఒళ్ళు ఎంత శ్రమపడింది, సమయం ఎంత తరిమింది, పని ఎంత బాగా జరిగింది, ఎంత ప్రయాస పడ్డాడు, ఎంత విసుగు, చిరాకు కలిగింది. ఆ పైన ఆరింటినీ రెండేసి చొప్పున 15 జతలుగా చూపి, ఈ రెండింటిలో నీకు ఎక్కువ భారమనిపించింది ఏది అని అడిగి, ఆ జవాబులను బట్టి ఒక్కో విషయానికి ఎంత తూకం ఇవ్వాలో నిర్ణయిస్తారు. ఎదురుగా లారీ హైబీమ్ వేసినా గుండె వేగం పెరుగుతుంది, వేడి టీ తాగినా పెరుగుతుంది. ఆ తేడా పట్టీకి తెలియదు, డ్రైవరుకు తెలుస్తుంది. పెద్దలు, అనుభవజ్ఞులు అభిప్రాయం చెప్పవలసిందిగా కోరుతున్నాను.

వైద్యుడు, కర్నూలు:

బాబూ, డ్రైవరుకు తెలుస్తుందన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం ఉంది. పనిభారం సంగతిలో అది కొంతవరకు నిజం కావచ్చు గాని, నిద్రలేమి వల్ల వచ్చే అలసట సంగతిలో నిజం కాదు. 2003లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు వెలువరించిన అధ్యయనం ఒకటి ఉంది. అందులో ఆరోగ్యవంతులను రెండు వారాలపాటు రాత్రికి 4 గంటలు, 6 గంటలు, 8 గంటలు మాత్రమే పడుకోనిస్తూ వేర్వేరు బృందాలుగా పరీక్షించారు. 6 గంటలే పడుకున్నవారి అప్రమత్తత రోజురోజుకూ దిగజారుతూ, రెండు వారాల చివరికి ఒక రాత్రంతా మేలుకున్నవారి స్థాయికి పడిపోయింది. కాని నిద్ర ఎంత వస్తోందని అడిగినప్పుడు వాళ్ళిచ్చిన మార్కులు మొదటి కొద్ది రోజులు పెరిగి, ఆ తర్వాత దాదాపు అక్కడే ఆగిపోయాయి. అంటే మెదడు మందగిస్తూనే ఉంది, ఆ మందగింపును గమనించుకునే శక్తి మాత్రం మనిషికి లేకపోయింది.

ఆ అధ్యయనంలో వాడిన ముఖ్యమైన పరీక్ష పీవీటీ (సైకోమోటార్ విజిలెన్స్ టెస్ట్), అంటే అప్రమత్తతను కొలిచే పరీక్ష. తెర మీద రెండు నుంచి పది సెకన్ల వ్యవధిలో, ఎప్పుడన్నది ముందుగా తెలియకుండా, ఒక అంకె వెలుగుతుంది. వెలిగిన వెంటనే బొత్తాం నొక్కాలి. అర సెకను దాటితే తప్పిపోయినట్టు లెక్క. చదువుతో గాని, తెలివితో గాని దీనికి పని లేదు, అభ్యాసంతో పెద్దగా మెరుగుపడేదీ కాదు. రోజు విడిచి రోజు రాత్రి సర్వీసుకు పోయే మనిషి తాను బాగానే ఉన్నానని మనస్ఫూర్తిగా నమ్మి చెప్పినా, ఆ మాట మీద ఆధారపడి నలభై మంది ప్రాణాల గురించి నిర్ణయం తీసుకోవడానికి నేను ఒప్పుకోను.

విశ్రాంత డ్రైవరు, కడప:

డాక్టరు గారు చెప్పినదాంట్లో నిజముంది, నాయనా, నీ మాటలోనూ నిజముంది. కాని మీరిద్దరూ ఆ ప్రశ్న ఎక్కడ అడుగుతారో, ఎవరు వింటుండగా అడుగుతారో చెప్పలేదు. నేను చాలా ఏళ్ళు కడప, హైదరాబాదు మధ్య రాత్రి బస్సు తోలినవాడిని. డ్యూటీ దిగి లాగ్‌షీటు ఇచ్చేచోట, పక్కన కంట్రోలరు కూర్చుని ఉండగా, ఎవరైనా కాగితం తెచ్చి ఎంత అలసిపోయావు అని అడిగితే ఏం రాస్తాను? బాగున్నానని రాస్తాను. బాగులేనని రాస్తే మరుసటి వారం ఆ రూటు ఇంకొకరికి పోతుంది, దాంతోపాటు నైట్ అలవెన్సూ పోతుంది. అది అబద్ధమాడడం కాదు, ఇల్లు గడుపుకోవడం. ఒకసారి మా దగ్గర ఇలాంటి కాగితాలే పేర్లతో సహా నింపించుకున్నారు, అవి ఎవరి చేతికి చేరాయో మాకెవరూ చెప్పలేదు. ఆ తర్వాత డ్రైవర్లందరూ ఒక్కమాట మీద అన్నింటికీ మధ్య గడిలోనే గీత పెట్టడం నేర్చుకున్నారు.

అలసట ఎలా వస్తుందో కూడా చెబుతాను. హైదరాబాదులో రాత్రి పదికి బయలుదేరితే కర్నూలు దాటేవరకు నిద్ర రాదు, ఎందుకంటే బస్టాండులో దిగేవాళ్ళు, ఎక్కేవాళ్ళు, లగేజీ గొడవ ఉంటుంది. నంద్యాల దాటి ఆళ్లగడ్డ వైపు మళ్ళాక, తెల్లవారుజామున మూడు నాలుగు మధ్య, రోడ్డు ఖాళీ అవుతుంది. బస్సు పక్కకు జరగడం, చేయి స్టీరింగును సరిచేయడం, రెండూ జరుగుతూనే ఉంటాయి గాని, వాటి మధ్య సందు పెరుగుతుంది. మొదట తెల్లగీత దగ్గరికి పోకముందే చేయి తిరుగుతుంది. తర్వాత గీత తాకినాక తిరుగుతుంది. ఆ పైన టైరు రోడ్డు అంచు మట్టి మీదకు దిగిన చప్పుడు వినిపించినాక తిరుగుతుంది. ఆ మూడో దశలో కూడా కళ్ళు తెరిచే ఉంటాయి. కెమెరా కనురెప్పలను చూసి ఏం చెబుతుందో నాకు అర్థం కాలేదు.

అధ్యాపకురాలు, పారిశ్రామిక ఇంజనీరింగు, అనంతపురం:

డ్రైవరు గారు చెప్పిన చివరి మాట చాలా విలువైనది. కనురెప్పల కొలతలో, కంటిపాపను 80 శాతానికి పైగా రెప్ప మూసిన సమయం ఎంత అని లెక్కిస్తారు. అది కునుకుపాటును బాగానే పట్టుకుంటుంది. కాని ఆయన వర్ణించిన మొదటి రెండు దశలూ అప్పటికే గడిచిపోతాయి. స్టీరింగు సరిచేసే వ్యవధినీ, గీత నుంచి బండి తొలగే తీరునూ నమోదు చేయడం అంతకన్నా ముందుగా హెచ్చరించగలదని నా అభిప్రాయం, ఎందుకంటే అది పనినే కొలుస్తుంది, మనిషి ముఖాన్ని కాదు.

అయితే ఈ చర్చలో ఇంతవరకు రెండు వేర్వేరు విషయాలను ఒకటిగా మాట్లాడుతున్నాము. టీఎల్ఎక్స్ కొలిచేది పనిభారాన్ని, పీవీటీ కొలిచేది అప్రమత్తతను. భారం ఎక్కువైతేనే అలసట వస్తుందనుకోవడం పొరపాటు. నార్మన్ మాక్‌వర్త్ 1948లో ప్రచురించిన ప్రయోగంలో, గడియారం ముల్లు వంటి ఒక సూచిక నెమ్మదిగా గెంతుతూ పోతుంటే, అరుదుగా అది రెట్టింపు గెంతు వేసినప్పుడు గుర్తించడమొక్కటే పని. రాడారు తెర ముందు కూర్చునే సైనికుల కోసం చేసిన పరీక్ష అది. రెండు గంటల పరీక్షలో మొదటి అర గంట గడిచేసరికే గుర్తింపు తగ్గిపోయింది. ఖాళీ రోడ్డు మీద తెల్లవారుజామున బస్సు నడపడం సరిగ్గా ఆ కోవలోకే వస్తుంది. చేయవలసింది తక్కువ, తప్పిపోతే నష్టం ఎక్కువ. అటువంటి చోట పనిభారం తక్కువని కాగితం చెబితే, దాన్ని క్షేమంగా ఉన్నట్టు చదవకూడదు.

బెర్నార్డ్ మూషియో అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1921లోనే అలసటకు పరీక్ష కనిపెట్టే ప్రయత్నాన్ని మానుకోమని, ఆ పదాన్నే శాస్త్ర చర్చలోంచి తీసేయమని రాశాడు. నేను అంత దూరం పోను గాని, ఒకే అంకెతో అలసటను చెప్పగలమన్న నమ్మకం పెట్టుకోవద్దని మాత్రం విద్యార్థికి చెబుతాను.

పరిశోధక విద్యార్థి, అనంతపురం:

మేడం గారూ, మాక్‌వర్త్ పరీక్ష వంటి పనుల్లో భారం తక్కువని టీఎల్ఎక్స్ చెబుతుందన్న మాటతో విభేదిస్తున్నాను. 1990లలో వార్మ్, డెంబర్, హాన్‌కాక్ అనే పరిశోధకులు ఇటువంటి కాపలా పనులు చేసినవారికి ఇదే ప్రశ్నావళి ఇచ్చి చూశారు. చూసేవాళ్ళకు తీరిగ్గా కూర్చున్నట్టుండే ఆ పనికి వాళ్ళు ఎక్కువ మార్కులే వేశారు, ముఖ్యంగా మనసు పెట్టవలసి రావడానికీ, విసుగుకూ. కనిపించని ఈ భారాన్ని బయటపెట్టింది మనిషిని అడగడమే. డాక్టరు గారి మాటలో మాత్రం నాకు జవాబు దొరకని భాగం ఉంది. భారం తెలియడం వేరు, తన మందగింపు తనకు తెలియడం వేరు. రెండోదానికి పీవీటీ కావలసిందేనని ఒప్పుకుంటున్నాను. కాని దాన్ని ప్రధాన కొలతగా కాక తోడు కొలతగానే పెట్టాలి.

సీటు కొలతల గురించి ఎవరూ చెప్పలేదు. సగటు డ్రైవరు ఎత్తును తీసుకుని పోల్చితే సరిపోతుందా?

అధ్యాపకురాలు, అనంతపురం:

సరిపోదు. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను గట్టిగానే చెబుతాను, ఎందుకంటే ఏటా ప్రాజెక్టు రిపోర్టులలో ఇదే చూస్తున్నాను. అమెరికా వాయుసేనలో గిల్బర్ట్ డేనియల్స్ 4,063 మంది పైలట్ల కొలతలను పరిశీలించి, పది కొలతలలో సగటుకు దగ్గరగా ఉన్నవాళ్ళెందరో లెక్క తీశాడు. సగటు అంటే కచ్చితమైన ఒక్క అంకె కాదు, మధ్యలోని 30 శాతం మందిని కలుపుకునేంత విశాలమైన హద్దు. అయినా పదింటిలోనూ ఆ హద్దులో పడినవాడు ఒక్కడూ లేడు. మూడే కొలతలు తీసుకున్నా నూటికి నలుగురు కూడా మిగలలేదు. పొడుగు సగటున ఉన్న మనిషికి కాళ్ళు పొట్టిగా, మొండెం పొడవుగా ఉండవచ్చు. అటువంటి డ్రైవరుకు ఎత్తును బట్టి సీటు సరిపోయిందని మీ పట్టిక చెబుతుంది. క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడల్లా ఆయన నడుము సీటు వీపును వదిలి ముందుకు జారుతుంటుంది.

కనీసం ఈ కొలతలు తీసుకోండి: కూర్చున్నప్పుడు పాదం అడుగు నుంచి మోకాలి వెనుక మడత వరకు ఎత్తు, పిరుదుల వెనుక నుంచి అదే మడత వరకు పొడవు, సీటు నుంచి కంటి ఎత్తు, సీటు నుంచి మోచేతి ఎత్తు, ముందుకు చేయి చాపితే అందే దూరం. మొదటిదాన్ని చెప్పులు లేకుండా, తొడ నేలకు సమాంతరంగా, మోకాలు లంబకోణంలో ఉన్నప్పుడు తీయాలి. చెప్పుల మందాన్ని తర్వాత కలుపుకోవచ్చు. కాని ఒకరికి చెప్పులతో, మరొకరికి లేకుండా తీస్తే ఆ కొలతలు దేనికీ పనికిరావు. దొరికిన సంఖ్యల్లో సగటును వదిలి, 5వ పర్సెంటైల్ నుంచి 95వ పర్సెంటైల్ వరకు, అంటే నూటికి అతి చిన్న కొలతల అయిదుగురినీ, అతి పెద్ద కొలతల అయిదుగురినీ వదిలితే మిగిలే మనుషులకు సీటు జరిగే దూరం చాలుతుందో లేదో చూడండి. పోల్చుకోవడానికి విదేశీ పట్టికలు వాడవద్దు. అహమ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థ 1997లో భారతీయుల కొలతలను ప్రచురించింది. అవి కూడా మన జిల్లాల డ్రైవర్లవి కావు కాబట్టి, వాటిని సరిచూసుకోవడానికే వాడండి. ఇంకో సంగతి, టీఎల్ఎక్స్‌లో ఒళ్ళు పడ్డ శ్రమకు ఎక్కువ మార్కులు వేసినవారి కొలతలనూ, సీటు కొలతలనూ పక్కపక్కన పెట్టి చూడండి. నడుము నొప్పిని మానసిక అలసటగా లెక్క వేసే ప్రమాదం అక్కడే ఉంది.

విశ్రాంత డ్రైవరు, కడప:

మేడం చెప్పిన మనిషిని నేనే. సీటును ముందుకు జరిపే లివరు చాలా బండ్లలో బిగుసుకుపోయి ఉండేది. దుప్పటిని నాలుగు మడతలు వేసి వీపు వెనుక పెట్టుకుంటే గాని క్లచ్ అడుగంటా అందేది కాదు. కాబట్టి సీటు ఎంతవరకు జరుగుతుందని కంపెనీ కాగితంలో చూసి రాసుకోవద్దు, నాయనా. డిపోకు పోయి ప్రతి బండిలో లివరు లాగి చూడు. డ్రైవరు వెంట తెచ్చుకున్న దిండు, దుప్పటి తీసేయమని చెప్పి కొలవవద్దు, అవి ఉన్నట్టుగానే ఒకసారి, తీసేసి ఒకసారి కొలువు.

వైద్యుడు, కర్నూలు:

పీవీటీ తోడు కొలత అన్న మాటకు నేను ఇంకా ఒప్పుకోవడం లేదు. అయినా ఆచరణలో ఒక మార్గం చెబుతాను. అసలు పరీక్ష పది నిమిషాలది. మూడు నిమిషాల పొట్టి రూపం కూడా 2011 నుంచి వాడుకలో ఉంది. బస్సు నడుపుతుండగా చేసే పరీక్ష కాదిది. కర్నూలు బస్టాండులో ఆగినప్పుడు చేయవచ్చు. దాంతోపాటు గడిచిన 48 గంటల్లో ఎప్పుడు పడుకున్నాడు, ఎప్పుడు లేచాడు అన్నది రాసుకోవాలి. ఎంత అలసిపోయావు అన్న ప్రశ్నకు జవాబు తప్పినంత తేలికగా, ఎన్ని గంటలకు లేచావు అన్నదానికి జవాబు తప్పదు.

విశ్రాంత డ్రైవరు, కడప:

బస్టాండులో ఆగేది పది నిమిషాలు, డాక్టరు గారూ. అందులోనే మూత్రానికి పోవాలి, టీ తాగాలి, టైర్లు తట్టి చూడాలి, కంట్రోలరు దగ్గర సంతకం పెట్టాలి. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం అయిదు గంటల పనికి కనీసం అర గంట విశ్రాంతి అని రాసింది గాని, ఆ అర గంట కూడా ఎక్కువసార్లు బండి పక్కనే గడిచేది. మీ మూడు నిమిషాలు ఈ పది నిమిషాల్లోంచి తీసుకుంటే, మీరు కొలిచే అలసటలో కొంత మీరు తెచ్చిపెట్టిందే అవుతుంది. ఆగే సమయాన్ని పదిహేను నిమిషాలు చేయించి, పేర్లు లేని కాగితం మీద, కాగితాలు డిపోకు పోవని రాసిచ్చి అడిగితే, మా వాళ్ళు బొత్తామూ నొక్కుతారు, నిజమూ చెబుతారు.

పరిశోధక విద్యార్థి, అనంతపురం:

పేర్లకు బదులు సంఖ్యలు వాడి, ఏ సంఖ్య ఎవరిదన్న జాబితాను నా గైడు దగ్గర మాత్రమే ఉంచుతాము. దాన్ని డిపోకు ఇవ్వబోమని డ్రైవర్లకు ముందే రాసిస్తాము. ఆగే సమయాన్ని మరో అయిదు నిమిషాలు పెంచమని అర్జీ రాయడం మొదలుపెట్టాను. ఆ అనుమతి రాకపోతే పీవీటీని బయలుదేరే ముందు ఒకసారి, గమ్యం చేరాక ఒకసారి మాత్రమే పెడతాను. తెల్లవారుజాము మూడు గంటల కొలత దొరకదని తెలిసినా, వాళ్ళ టీ సమయాన్ని మాత్రం తీసుకోను.

వైద్యుడు, కర్నూలు:

ఆ మూడు గంటల కొలత లేకపోతే మీ అధ్యయనం అలసట గురించి కాదు, అలసటకు ముందూ వెనకల గురించి అవుతుంది. అర్జీ ప్రతి నాకూ పంపండి, వైద్యుడిగా నా సంతకం కూడా పెడతాను.