పైథాన్ ఎక్స్‌టెన్షన్‌లో మెమరీ లీక్: ఒక్క లైను చేరిస్తే చాలునా, సైథాన్‌లో తిరగరాయాలా?

అన్వేషి:
సీ భాషలో రాసిన మా మాడ్యూల్ ఒక ఫైలులోని సంఖ్యలను చదివి పైథాన్ లిస్టుగా అందిస్తుంది. ఆ లిస్టును వదిలేసి, వాడని ఆబ్జెక్టులను ఏరివేసే జీసీ.కలెక్ట్‌ను పిలిచినా ప్రాసెస్ మెమరీ తగ్గడం లేదు. లూప్‌లో పైలాంగ్_ఫ్రమ్‌లాంగ్ సృష్టించిన ప్రతి సంఖ్యనూ పైలిస్ట్_అపెండ్‌కు ఇస్తున్నాము గాని, ఆ తరువాత పై_డెక్‌రెఫ్ (ఆబ్జెక్టును ఎందరు పట్టుకున్నారన్న లెక్కలోంచి మన రిఫరెన్సును తగ్గించే పిలుపు; ఆ లెక్క సున్నా అయితేనే మెమరీ విడుదలవుతుంది) లేదు. ఆ లైను చేర్చి ఊరుకుందామని నేను, మొత్తం సైథాన్‌లోకి (పైథాన్‌లాంటి కోడును సీలోకి మార్చే భాష) మార్చాలని మిగతావారు అంటున్నాము.

శూన్యసూచి:
తిరగరాయడమే మేలు. పైలిస్ట్_సెట్‌ఐటెమ్ మన రిఫరెన్సును తానే తీసేసుకుంటుంది. అపెండ్ మాత్రం తనకంటూ మరొకటి పెంచుకుని మనదాన్ని మనకే వదిలేస్తుంది. పేర్లను చూసి ఈ తేడాను ఎవరు పసిగడతారు? పైమాడ్యూల్_యాడ్‌ఆబ్జెక్ట్ మరీ విచిత్రం: సఫలమైతేనే రిఫరెన్సును తీసుకుంటుంది. ఇలాంటివన్నీ గుర్తుపెట్టుకోవడం కన్నా లెక్కను సైథాన్‌కు అప్పగించడం నయం.

చలరాశి:
శూన్యసూచి గారు చెప్పిన తేడాలు నిజమే గాని, తీర్పుతో ఏకీభవించలేను. తప్పు ఏ లైనులో ఉందో తెలిసినప్పుడు మాడ్యూల్ అంతా తిరగరాస్తే, పోయేది ఒక లీక్, కొత్తగా వచ్చే తప్పులెన్నో ఎవరూ చెప్పలేరు. పైగా సైథాన్ పైథాన్ ఆబ్జెక్టుల లెక్కనే చూస్తుంది. సీలో నేరుగా మెమరీ అడిగే మాలాక్‌తో తీసుకున్న బఫర్‌ను ఫ్రీ చేయడం అక్కడా మన పనే. జీసీ.కలెక్ట్ ఫలించకపోవడంలో వింత లేదు: అది ఒకదాన్నొకటి పట్టుకున్న ఆబ్జెక్టుల వలయాలను విడదీస్తుంది, సంఖ్యలు దాని పరిధిలోకే రావు.

అన్వేషి గారు, డెక్‌రెఫ్‌ను ఎక్కడ పెడతారన్నది ముఖ్యం. అపెండ్ విఫలమై -1 ఇచ్చినప్పుడు వెంటనే రిటర్న్ అయితే, ఆ సంఖ్యా, సగం నిండిన లిస్టూ రెండూ మిగిలిపోతాయి. కనుక అపెండ్ ఫలితాన్ని ఒక వేరియబుల్‌లో ఉంచుకుని, ముందు సంఖ్యకు డెక్‌రెఫ్ చేసి, ఆ తరువాతే ఫలితాన్ని పరీక్షించి, తప్పు జరిగి ఉంటే లిస్టుకూ డెక్‌రెఫ్ చేసి నల్ ఇవ్వండి. పరీక్షకు చిన్న సంఖ్యలు పనికిరావు: ఉదాహరణకు సీపైథాన్ 3.12లో -5 నుంచి 256 వరకు సంఖ్యలు ముందే సిద్ధంగా ఉంటాయి, వాటితో ఎన్నిసార్లు తిప్పినా మెమరీ పెరగదు.

అన్వేషి:
మా పరీక్షలో ఉన్నవన్నీ 0 నుంచి 99 లోపు సంఖ్యలే. ఇన్నాళ్లూ అది నెగ్గుతూ వచ్చింది అందుకేనన్నమాట! పెద్ద సంఖ్యలతో తిప్పగానే, పైథాన్ కేటాయించిన మెమరీని గమనించే ట్రేస్‌మాలాక్ లెక్క ప్రతి చుట్టుకూ పెరిగింది, డెక్‌రెఫ్ చేర్చాక నిలిచింది. ప్రాసెస్ మెమరీ మాత్రం ఇంకా కొద్దికొద్దిగా పెరుగుతూనే ఉంది. వెతికితే, లైను చదవడానికి మాలాక్‌తో తీసుకున్న బఫర్‌ను, సంఖ్య కానిది ఎదురైన దారిలో ఫ్రీ చేయడం లేదని తేలింది. నేరుగా మాలాక్‌ను పిలిస్తే ట్రేస్‌మాలాక్‌కు కనిపించదు కదా. ఆ ఫ్రీ కూడా చేర్చాను. సైథాన్ మాట వచ్చే వెర్షన్‌కు వాయిదా వేశాము.