అప్‌డేట్: రోడ్డు రీకార్పెటింగ్‌లో సైకిల్ లేన్ అడగడం గురించి

మా కాలనీ మెయిన్ రోడ్డుకి కొత్తగా తారు వేస్తున్నారు, ఎలాగూ గీతలు మళ్ళీ గీయాలి కాబట్టి సైకిల్ లేన్ ఎలా అడగాలి అని ఇంతకుముందు ఇక్కడ అడిగా కదా. మొన్న అసోసియేషన్ మీటింగ్‌లో పెట్టాం, గట్టిగానే వాదనలయ్యాయి. షాపులవాళ్ళకి పార్కింగ్ పోతుందని భయం, అది తీసిపారేసే మాట కాదు. ఒక పెద్దాయనైతే "సైకిల్ తొక్కేదెవరు బాబూ, అంతా బండ్లేగా" అన్నారు. పొద్దున తీసిన వీడియో చూపించా, పాలతను, వాచ్‌మన్లు, స్కూల్ పిల్లలు, అందులో ఒక పాప గుంతలో నీళ్ళు తప్పించబోయి సరిగ్గా ఆటో ముందుకి వచ్చేసింది, ఆ తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ ఉందిగా అన్నారు ఇంకొకరు. ఉంది, బాగుంది, కానీ మా పిల్లలు స్కూలుకెళ్ళేది దానిమీద కాదు కదండీ. తారు వేసేటప్పుడే లేన్ అడగడం కొత్తేం కాదు, లాస్ ఏంజిలిస్‌లో 2024లో జనం ఓటేసి మరీ రూల్ తెచ్చుకున్నారు, సిటీ ప్లాన్‌లో లేన్ ఉన్న వీధికి మైలులో ఎనిమిదో వంతు రోడ్డేసినా ఆ లేన్ కూడా వేయాల్సిందే.

చివరికి స్కూల్ వైపు లేన్, షాపుల వైపు పార్కింగ్ అని ఒప్పుకుని లెటర్ ఇచ్చాం, మార్కింగ్‌కి ముందు ఇంజనీర్ గారు వచ్చి చూస్తామన్నారు. ఉత్త పెయింటైతే కార్లు పెట్టేస్తారు, అందుకే కార్లు రాకుండా లేన్ అంచున పోల్స్ పెట్టించేదాకా నేను వదలను.