అప్‌డేట్: నా సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ కారుకి చివరికి ఏ ట్యూనింగ్ (ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్పు) తీసుకున్నానంటే

కాలిఫోర్నియాలో ఉన్న నా 2011 సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్‌కి కాబ్ యాక్సెస్‌పోర్ట్ (రెడీమేడ్ ట్యూనింగ్ ఎక్కించే చిన్న పరికరం) కొనాలా, రామ్‌రైడర్ అనే ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్‌తో నేనే చేసుకోవాలా, ఈసీయూనే (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) మార్చేయాలా అని ముందు పోస్టులో మిమ్మల్ని అడిగాను. రోజూ ఆఫీసుకి వెళ్లే కారుకి మూడోది దండగ అని మీరు అన్నారు, నిజమే. రామ్‌రైడర్ ఉచితం, కేబుల్ కొంటే చాలు. కానీ నాక్ లాగ్‌లు (ఇంజిన్‌లో ఇంధనం అదుపు తప్పి మండుతోందా అని చూపే రికార్డులు) చదవడం రాకుండా ఇగ్నిషన్ టైమింగ్‌లో (స్పార్క్ పడే సమయం) వేలు పెడితే పిస్టన్లకే గండం. అందుకే యాక్సెస్‌పోర్ట్ తీసుకుని 91 ఆక్టేన్ పెట్రోల్‌కి సరిపడే స్టేజ్ 1 మ్యాప్ (మొదటి స్థాయి ట్యూనింగ్ ఫైల్) వేశాను (ఇక్కడ చాలా బంకుల్లో అంతకు మించి దొరకదు). లాగుడు అదిరింది!

అసలు టెన్షన్ స్మాగ్ చెక్, అంటే కాలిఫోర్నియాలో కార్ల పొగకి చేసే పరీక్ష. 2021 జూలై నుంచి ఆమోదం లేని సాఫ్ట్‌వేర్ కనబడితే ఫెయిలే. అందుకే చెక్‌కి ముందు మళ్లీ స్టాక్‌కి (కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్) మార్చేశాను. దాంతో మానిటర్లు (పొగ తగ్గించే భాగాలు సరిగా ఉన్నాయా అని కారు తానే చేసుకునే పరీక్షలు) రీసెట్ అయ్యాయి, అవి సిద్ధమయ్యేదాకా వారమంతా ఊరికే తిరిగాను. పాస్ అయింది. రోడ్డు మీద ఇక స్టాకే. ట్రాక్‌కి వెళ్లిన రోజున మాత్రం మ్యాప్ వేస్తా.