టచ్ డే + క్లబ్ ఐదేళ్ళ ప్లాన్: వాలంటీర్లందరూ ఇక్కడే రిప్లై ఇవ్వండి

కోఆర్డినేటర్:
అందరికీ నమస్తే. మన సిడ్నీ తెలుగు టచ్ ఫుట్‌బాల్ క్లబ్ (రగ్బీ లాంటి ఆటే, కాకపోతే పడగొట్టకుండా చేత్తో ముట్టుకుంటే చాలు) పెట్టే టచ్ డే గురించి వాట్సాప్‌లో మెసేజ్‌లు కుప్పలు పడిపోయి ఏది ఫైనలో ఏది కాదో ఎవరికీ అర్థం కావట్లేదు, అందుకే ఇక్కడ ఒకచోట పెడుతున్నా. దయచేసి ఇది చదివి మళ్ళీ అక్కడ వేరే చర్చ మొదలెట్టకండి.

ముందు డేట్ సంగతి. సెప్టెంబర్ మొదటి ఆదివారం ఫాదర్స్ డే, ఎవరూ రారు. నెలాఖరుకి స్కూలు సెలవులు మొదలు, అప్పటికి సగం మంది క్వీన్స్‌లాండ్‌లో ఉంటారు. అక్టోబర్ లాంగ్ వీకెండ్‌లో ఎన్ఆర్ఎల్ (రగ్బీ లీగ్) గ్రాండ్ ఫైనల్, ఆ చుట్టుపక్కలే మన తెలుగు అసోసియేషన్ బతుకమ్మ, దసరా ప్రోగ్రాములు. కాబట్టి సెప్టెంబర్ రెండో ఆదివారమో మూడోదో, అంతకన్నా దారి లేదు. అది కూడా కౌన్సిల్ వాళ్ళు గ్రౌండ్ ఇస్తేనే, ఎందుకంటే వింటర్ సాకర్ అయిపోయి సమ్మర్ సీజన్‌కి మారే టైంలో గడ్డి పనులని కొన్ని గ్రౌండ్లు మూసేస్తారు, ఈ వారంలోనే అప్లై చెయ్యాలి.

ఇక అసలు మాట. కమిటీలో కొంతమంది దీన్ని పెద్ద టోర్నమెంట్‌లా చేద్దాం అంటున్నారు, 16 టీములు, ట్రోఫీ, చీఫ్ గెస్ట్, డీజే. నేను దీనికి ఒప్పుకోను, ఎందుకో చెప్తా. టోర్నమెంట్ పెడితే వచ్చేది ఇప్పటికే ఆడుతున్నవాళ్ళు. సాయంత్రం దాకా ఆడి ట్రోఫీతో ఫోటో దిగి వెళ్ళిపోతారు. సోమవారం పొద్దున చూసుకుంటే క్లబ్‌కి కొత్తగా ఒక్క మనిషీ ఉండడు, మనకి మిగిలేది చెత్త సంచులు. మన క్లబ్‌కి లోటు టీములు కాదు. ఆడవాళ్ళు తక్కువ, 12 నుంచి 16 ఏళ్ళ పిల్లలు నిలవట్లేదు, రెఫరీలు లేరు. ఈ మూడూ తీరే దాకా ఇంకో టీమ్ పెట్టొద్దనేది నా ప్రపోజల్. టచ్ డే కూడా ఈ మూడింటి కోసమే ఉండాలి, కొత్తవాళ్ళు వచ్చి బంతి పట్టుకుని చూసే రోజులా.

జనం లేరు అనకండి. సెన్సస్‌లో ఆస్ట్రేలియా మొత్తం మీద ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు 2016లో 34 వేల చిల్లర, 2021కి 59 వేలు దాటారు. ఇక్కడ సిడ్నీలో షోఫీల్డ్స్, ద పాండ్స్, టాలవాంగ్, మార్స్‌డెన్ పార్క్ ఏ వీధిలో చూసినా గుమ్మానికి మామిడాకులు కనిపిస్తాయి. వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు, ఒక సీజన్ ఆడి మాయమైపోతున్నారు, అదీ సమస్య.

మెన్స్ కెప్టెన్:
అన్నా మీరు చెప్పేది కరెక్టే గానీ టోర్నమెంట్ లేకపోతే మా పోరగాళ్ళకి ఊపు ఎట్ల వస్తది. మనోళ్ళు పోటీ ఉంటెనే వస్తరు. నేనైతే మూడేండ్లల్ల మన టీమ్‌ని స్టేట్ కప్‌కి (రాష్ట్రం మొత్తం మీద టచ్ పోటీ) తీస్కపోవాలె అనుకుంటున్న, ఆడ మన జెర్సీ కనపడాలె. ఇంకోటి, కొత్త టీమ్ పెట్టొద్దు అంటే ఇప్పుడు వెయిటింగ్‌ల ఉన్నోళ్ళు పోయి ఓజ్‌ట్యాగ్‌ల (షార్ట్‌కున్న ట్యాగ్ గుంజే ఆట) చేర్తరు, మళ్ళ రారు.

రెఫరీ (క్లబ్‌లో ఉన్న ఒకే ఒక్కడిని):
తమ్ముడూ, స్టేట్ కప్‌కి మన లాంటి క్లబ్ టీములు నేరుగా వెళ్ళవు, అఫిలియేట్ (మన ఏరియాలో పోటీలు నడిపే టచ్ సంస్థ) తరఫున సెలెక్ట్ చేసిన టీములే వెళ్తాయి. మనవాళ్ళలో బాగా ఆడేవాళ్ళని మన అఫిలియేట్ ట్రయల్స్‌కి పంపుదాం, ముందు అది చెయ్యి. అది టీమ్ పెంచడం కన్నా తేలిక కూడా.

నా బాధ ఇంకోటి. సీజన్ మొత్తం ప్రతి టీమూ రెఫరీ డ్యూటీ చెయ్యాలి, మన మూడు టీములవీ నేనే చేస్తున్నా. బుధవారం నా మ్యాచ్ అయ్యాక ఇంకో రెండు. ఇంకో టీమ్ పెడితే ఆ విజిల్ కూడా నా మెడలోకే వస్తుంది, నేను ఒప్పుకోను, ముందే చెప్తున్నా.

పైగా మనవాళ్ళకి రూల్స్ రావు. డిఫెన్స్ వాళ్ళు రోల్‌బాల్ (టచ్ అయినవాడు బంతి నేల మీద పెట్టి ఆట మళ్ళీ మొదలెట్టే చోటు) దగ్గర్నుంచి 7 మీటర్లు వెనక్కి వెళ్ళాలి, పాత రూల్ 5 అని ఇంకా వాదించేవాళ్ళున్నారు. డమ్మీ హాఫ్ (ఆ రోల్‌బాల్ అందుకునే ఆటగాడు) బంతి చేతిలో ఉండగా టచ్ అయితే బంతి అవతలి టీమ్‌కి పోతుంది, డమ్మీ హాఫ్ స్కోర్ చెయ్యకూడదు. ఈ రెండూ తెలీకుండా నా మీద అరిస్తే నేనేం చెయ్యను. టచ్ డే రోజు ఒక గంట రూల్స్‌కే ఇవ్వండి, గ్రౌండ్ మీద నడిపిస్తూ చూపిస్తా, స్లైడ్లు వద్దు. 15, 16 ఏళ్ళ పిల్లల్ని రెఫరీ కోర్స్‌లో చేర్పించండి. చాలా కాంపిటీషన్లలో జూనియర్ రెఫరీలకి మ్యాచ్‌కి ఇంతని డబ్బు ఇస్తారు, మెక్‌డొనాల్డ్స్‌లో షిఫ్టు కంటే బయట గాలిలో నయం.

మిక్స్‌డ్ టీమ్ వైస్ కెప్టెన్:
ఆడవాళ్ళు తక్కువ అని ప్రతి మీటింగ్‌లో అంటారు గానీ ఎందుకు తక్కువో ఎవరూ అడగరు. నేను చెప్తా వినండి.

ఒకటి బంగారం. రూల్ ప్రకారం ప్రమాదం అనిపించే నగలు తియ్యాలి లేదా టేప్ వెయ్యాలి, గోళ్ళు కత్తిరించుకోవాలి, అది అందరి సేఫ్టీకే, తప్పనట్లేదు. కానీ కొత్తగా వచ్చిన అమ్మాయికి అందరి ముందూ మంగళసూత్రం తీసెయ్ అంటే ఆమె ఇంకో వారం రాదు. మెట్టెలు, ముక్కుపుడక, నల్లపూసలు, అన్నిటికీ ఇదే గొడవ. ఇంటి దగ్గరే ఏం తీసి రావాలో, టేప్ దేనికి సరిపోతుందో రిజిస్ట్రేషన్ రోజే ఒక అక్క కూర్చుని చెప్తే సగం సమస్య పోతుంది. టేప్, చిన్న జిప్ పౌచ్‌లు నా బ్యాగులో ఎప్పుడూ ఉంటాయి, వీటిని క్లబ్ కిట్‌లో భాగం చెయ్యండి.

రెండోది, మా మగమహారాజులు బంతి ఇవ్వరు. మిక్స్‌డ్‌లో గ్రౌండ్ మీద మగవాళ్ళు ముగ్గురికి మించకూడదని రూల్ ఎందుకు పెట్టారో ఆలోచించండి. వింగ్‌లో, గ్రౌండ్ అంచున నిలబడి ఇరవై నిమిషాలు బంతి ముట్టుకోకుండా తిరిగొచ్చిన అమ్మాయి ఎందుకు డబ్బు కట్టి మళ్ళీ రావాలి?

మూడు, టైం. బుధవారం 6:15కి మ్యాచ్ అంటే పిల్లల్ని ఆఫ్టర్ స్కూల్ కేర్ నుంచి తెచ్చి, ఏదో తినిపించి, గ్రౌండ్‌కి తేవాలి. గ్రౌండ్ పక్కన పిల్లల్ని చూసే మనిషి ఒకరు రొటేషన్‌లో ఉంటే చాలు, ఆ రోజు ఆడని టీమ్ వాళ్ళు చెయ్యొచ్చు కదా.

నాకు కావాల్సింది ఆరు వారాలు ఆడవాళ్ళకి మాత్రమే బిగినర్స్ సెషన్. మిక్స్‌డ్ టీమ్‌లో నేరుగా దింపొద్దు. టచ్ డేలో దానికి పేర్లు తీసుకుందాం. నేను నడిపిస్తా, ఇంకో ఇద్దరు తోడు కావాలి.

మెన్స్ కెప్టెన్:
అక్కా బంతి ఇస్తలేరు అన్నది నిజమే, ఒప్పుకుంటున్న. మా చెల్లెను తీస్కొస్త సెషన్‌కి. కాని కబడ్డీ ఆడొచ్చినోళ్ళకి అలవాటు పోదక్కా, బంతి దొరికితే ఒక్కడే దూరుతడు. టచ్ చెయ్యనీకి బాగ పనికొస్తది ఆ అలవాటు, పాస్‌కే దెబ్బ.

జూనియర్స్ పేరెంట్:
పిల్లల గురించి నేను రాస్తా. మా బాబు స్కూల్లో టచ్ బాగానే ఆడతాడు, అయినా క్లబ్‌కి ఎందుకు పంపట్లేదంటే, ఇయర్ 4లో ఓసీ టెస్ట్ (చదువులో ముందుండే పిల్లల ప్రత్యేక క్లాసులకి), ఇయర్ 6లో సెలెక్టివ్ టెస్ట్ (సెలెక్టివ్ హైస్కూల్లో సీటుకి), శనివారం ఆదివారం కోచింగ్. ఇది మన ఇళ్ళల్లో మార్చలేం, మార్చమని చెప్పినా ఎవరూ వినరు. సెలెక్టివ్ టెస్ట్ మే నెలలో అయిపోతుంది. ఆ తర్వాత ఆ పిల్లలకి వీకెండ్ ఒక్కసారిగా ఖాళీ. అప్పుడు పట్టుకోవాలి వాళ్ళని! సెప్టెంబర్ టచ్ డే దానికి సరిగ్గా సరిపోతుంది, ఇయర్ 6 పేరెంట్స్‌కి విడిగా మెసేజ్ పెట్టండి. మళ్ళీ ఇయర్ 11కి హెచ్ఎస్‌సీ (ఇయర్ 12 పరీక్ష) పేరుతో ఆపేస్తారు, అంటే మధ్యలో నాలుగేళ్ళు మన చేతిలో ఉంటారు, రెఫరీ గారు చెప్పిన కోర్స్ ఆ నాలుగేళ్ళలోనే చేయించాలి.

ఇంకా, పిల్లలతో పనిచేసే వాలంటీర్లందరూ వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్ (నేర చరిత్ర లేదని చూసే గవర్నమెంట్ తనిఖీ) చేయించుకున్నారా? వాలంటీర్లకి ఫ్రీ, ఐదేళ్ళు పనికొస్తుంది. నా పిల్లాడిని పంపే ముందు కోచ్ ఆ చెక్ నంబర్ నేను అడుగుతా, తప్పుగా అనుకోకండి.

ట్రెజరర్:
అందరూ బాగా రాశారు, ఇప్పుడు డబ్బు ఎవరిస్తారు? స్పాన్సర్లు అంటే మనకి తెలిసిందే, రియల్ ఎస్టేట్ వాళ్ళు, హోమ్ లోన్ వాళ్ళు, కిరాణా షాపులు. వాళ్ళకి బ్యానర్, స్టేజీ, ట్రోఫీ ఇస్తూ ఫోటో కావాలి. బిగినర్స్ సెషన్‌కి స్పాన్సర్ చెయ్యండి అంటే మొహం చూస్తారు.

అయినా కోఆర్డినేటర్ చెప్పిన దానికే నా ఓటు, కారణం వేరే. ప్రతి సీజన్ స్పాన్సర్ డబ్బంతా కొత్త జెర్సీలకి పోతోంది. స్పాన్సర్ మారితే లోగో మారాలి, లోగో మారితే జెర్సీ మారాలి, పాతవి నా గరాజ్‌లో డబ్బాల్లో ఉన్నాయి, మా ఆవిడ రోజూ గుర్తు చేస్తోంది. ఇక మీదట జెర్సీ మీద క్లబ్ పేరు మాత్రమే ఉండాలి, మూడేళ్ళు అదే వాడాలి, స్పాన్సర్ పేరు గ్రౌండ్ దగ్గర టెంట్ మీదా పోస్టర్ మీదా వేద్దాం. మిగిలిన డబ్బుతో జూనియర్స్ ఫీజు తగ్గిద్దాం. గవర్నమెంట్ ఇచ్చే యాక్టివ్ అండ్ క్రియేటివ్ కిడ్స్ వోచర్ (పిల్లల ఆటలు, కళల ఫీజుకి) ఇప్పుడు అందరికీ రాదు, ఫ్యామిలీ టాక్స్ బెనిఫిట్ (ఆదాయాన్ని బట్టి పిల్లలున్న ఇళ్ళకి ఇచ్చే సాయం) వచ్చేవాళ్ళకే, 50 డాలర్లవి ఏడాదికి రెండు. మనవాళ్ళలో చాలామందికి రాదు, వచ్చేవాళ్ళకి అప్లై చెయ్యడం తెలీదు. టచ్ డే రోజు ఒక టేబుల్ వేసి ఫోన్‌లోనే చేయించి పంపిద్దాం.

కౌన్సిల్ గ్రౌండ్ బుకింగ్‌కి పబ్లిక్ లయబిలిటీ (బయటివాళ్ళకి దెబ్బ తగిలితే కవర్ చేసే ఇన్సూరెన్స్) సర్టిఫికెట్ అడుగుతారు, మామూలుగా 20 మిలియన్ డాలర్లకి. అసోసియేషన్ పాలసీ ఆట కార్యక్రమాలకి వర్తిస్తుందో లేదో ఇన్సూరెన్స్ వాళ్ళని రాతపూర్వకంగా అడుగుతున్నా. రిజిస్టర్ అయిన ప్లేయర్లకి ఉండే కవర్ ఆ రోజు ఊరికే వచ్చి ఆడేవాళ్ళకి ఉంటుందని అనుకోవద్దు. జవాబు వచ్చేదాకా పోస్టర్ బయటికి వదలకండి.

కోఆర్డినేటర్:
అందరికీ థ్యాంక్స్, ఇంత వివరంగా వస్తుందనుకోలేదు. నేను అనుకున్న ఐదేళ్ళ లెక్క ఇప్పుడు చెప్తా, మార్పులుంటే చెప్పండి.

మొదటి రెండేళ్ళు టీములు ఇప్పుడున్నవే. వెయిటింగ్ లిస్ట్ వాళ్ళని ఉన్న టీముల్లోనే సర్దుదాం, స్క్వాడ్‌లో 14 మంది దాకా పెట్టుకోవచ్చు, గ్రౌండ్ మీద ఆరుగురే. చోటు లేదని మనం అనుకుంటున్నాం గానీ డిసెంబర్ వచ్చేసరికి ఏమవుతుందో అందరికీ తెలుసు. సగం మంది సంక్రాంతికి ఇండియా, కొందరు అయ్యప్ప మాలలో ఉంటారు, చెప్పులే వేసుకోరు ఇంక బూట్లేం వేసుకుంటారు, మిగిలినవాళ్ళకి శనివారం క్రికెట్ ఆడి పిక్కలు పట్టేసి ఉంటాయి. నలుగురు లేకపోతే మ్యాచ్ మొదలే కాదు, ఫర్ఫీట్, ఆడకుండానే ఓడినట్టు. క్రిస్మస్ బ్రేక్ ముందు వారాలు, జనవరి చివరి వారాలు, ఈ రెండు చోట్లే మన టీములు కూలిపోతున్నాయి. కాబట్టి అక్టోబర్‌లోనే ప్రతి ప్లేయర్ ప్రయాణం తేదీలు షీట్‌లో రాయాలి. టికెట్ బుక్ చేసిన రోజే రాయండి, ఎయిర్‌పోర్ట్ నుంచి మెసేజ్ పెట్టకండి.

మూడో ఏడు జూనియర్ టీమ్, అది కూడా అప్పటికి కనీసం ఇద్దరు పేరెంట్స్ కోచింగ్‌కి, ముగ్గురు రెఫరీలు రెడీగా ఉంటేనే. ఆడవాళ్ళ టీమ్ బిగినర్స్ సెషన్ నుంచి ఎప్పుడు తయారైతే అప్పుడు, దానికి గడువు పెట్టను. నాలుగో ఏడు నేను తప్పుకుంటా, ఇది ముందే రాసి పెడుతున్నా. ప్రతి పోస్ట్‌కీ ఈ సీజన్ నుంచే ఒక డిప్యూటీ ఉండాలి. ఇప్పుడు గ్రౌండ్ బుకింగ్ పాస్‌వర్డ్ నాకు తప్ప ఎవరికీ తెలీదు, నేను రేపు మెల్‌బోర్న్ మారిపోతే క్లబ్ అక్కడే ఆగిపోతుంది.

విడిగా ఇన్‌కార్పొరేట్ అవుదామా (సొంత సంస్థగా రిజిస్టర్ చేసుకుందామా) అని ఒకరు ప్రైవేట్‌గా అడిగారు. న్యూ సౌత్ వేల్స్‌లో ఐదుగురు సభ్యులుంటే కుదురుతుంది, కానీ తర్వాత ఏటా ఏజీఎం, లెక్కలు, పబ్లిక్ ఆఫీసర్, అన్నీ మనమే చూసుకోవాలి. ఇప్పుడు చేసే మనుషులే సరిపోవట్లేదు. అసోసియేషన్ కిందే సబ్ కమిటీగా ఉందాం, కాకపోతే క్లబ్ డబ్బుకి వేరే అకౌంట్ అడుగుదాం.

కెప్టెన్ తమ్ముడికి: ట్రోఫీ ఉండదు గానీ టచ్ డే ఆఖరి గంట నీకే, మిక్స్‌డ్ మ్యాచ్‌లు పెట్టుకో, ప్రతి టీమ్‌లో కొత్తవాళ్ళు ఇద్దరైనా ఉండాలనే ఒక్క షరతు.

మెన్స్ కెప్టెన్:
ఒక్క గంటనా అన్నా 😀 సరే తియ్. గెలిచిన టీమ్‌కి కనీసం బిర్యానీ పెట్టున్రి.

ఫుడ్ కోఆర్డినేటర్:
బిర్యానీ అందరికీ పెడితే బడ్జెట్ అయిపోతుంది, గెలిచినోళ్ళకి మాత్రం పెడితే మిగతావాళ్ళు నన్ను తింటారు. పులిహోర, మజ్జిగ, అరటిపళ్ళు అనుకుంటున్నా. అమ్మాలంటే కౌన్సిల్‌లో టెంపరరీ ఫుడ్ స్టాల్ పర్మిషన్ చూడాలి, ఫ్రీగా పెట్టినా ఏమైనా రూల్ ఉందేమో బుకింగ్ చేసేటప్పుడే అడగండి. సెప్టెంబర్‌లో మాగ్‌పై పిట్టలు మనుషుల మీదికి దూకి పొడుస్తాయి, చెట్ల కింద టేబుళ్ళు వెయ్యొద్దు, పిల్లలు భయపడతారు.

రెఫరీ:
ఐస్ కూడా రాసుకోండి, తాగడానికి కాదు, మడమలకి. 35 దాటినవాళ్ళు వార్మప్ లేకుండా పరిగెత్తితే పిక్క కండరం పట్టేసి ఆ రోజే సీజన్ అయిపోతుంది. స్క్రూ స్టడ్స్ (అడుగున తిప్పి బిగించే బుడిపెలు) ఉన్న బూట్లు వేసుకురావద్దని పోస్టర్‌లో పెద్ద అక్షరాల్లో వెయ్యండి. సాకర్ ఆడే పిల్లలు అవే వేసుకొస్తారు, మౌల్డెడ్ (సోల్‌తో కలిసే ఉండేవి) అయితే పర్లేదు.

జూనియర్స్ పేరెంట్:
ఇయర్ 6 పేరెంట్స్ మెసేజ్ నేను రాస్తా. కోచ్ డిప్యూటీగా నా పేరు వేసుకోండి, కానీ గురువారాలు కుదరవు.

మిక్స్‌డ్ టీమ్ వైస్ కెప్టెన్:
నాకు ఇద్దరు కావాలన్నాను, కెప్టెన్ చెల్లెలు ఆడటానికి వస్తుంది, నడిపించడానికి ఎవరొస్తారు? మగవాళ్ళు కోన్లు పెట్టడానికి రావచ్చు, విజిల్ ఊదడానికి వద్దు.

కోఆర్డినేటర్:
కోన్లు నేను పెడతా. ట్రెజరర్ అన్నా, ఇన్సూరెన్స్ జవాబు శుక్రవారానికి రాకపోతే ఫోన్ చెయ్యండి, మెయిల్ మీద వదిలెయ్యకండి. డిప్యూటీలకి పేర్లు ఇవ్వాల్సినవి ఇంకా మూడున్నాయి: గ్రౌండ్ బుకింగ్, ట్రెజరర్, కిట్. కిట్ అంటే ఆ గరాజ్ డబ్బాలు కూడా వస్తాయి, చూసుకుని చెయ్యెత్తండి.