ఎనిమిది నెలల పాపను ఏడవనిచ్చి నిద్ర నేర్పవచ్చా?

కొండాపూర్ అమ్మ:
మా పాపకు ఎనిమిది నెలలు. 26 వారాల ప్రసూతి సెలవు అయిపోయి ఆఫీసులో చేరాను. రాత్రిపూట పాలు తాగుతూనో, ఉయ్యాల ఊపితేనో తప్ప కన్ను మూయదు. మూసిన ముప్పావు గంటకో గంటకో లేచి కూర్చుంటుంది. మళ్ళీ పాలు, మళ్ళీ ఉయ్యాల. పొద్దున మీటింగులో నా పేరు పిలిస్తే అది నన్నే అని తెలియడానికి రెండు క్షణాలు పడుతోంది.

మావారు ఏవో వీడియోలు చూశారు. పాపను మా గదిలో ఒక్కదాన్నే పడుకోబెట్టి మనం హాల్లోకి మారిపోదాం, ఏడ్చినా వెళ్ళకుండా ఉంటే నాలుగు రోజుల్లో అలవాటు పడుతుంది అంటారు. ఇలా నేర్పించడానికి డబ్బు తీసుకొని ఫోనులో సలహాలిచ్చేవాళ్ళు కూడా ఉన్నారట. ఆ మాట చెవిన పడగానే మా అత్తగారు కలిపిన అన్నం కంచంలోనే వదిలేసి లేచారు. అప్పటినుంచి ఇంట్లో తల్లీ కొడుకులకు మాటల్లేవు.

చేసినవాళ్ళు, వద్దనేవాళ్ళు కారణంతో సహా చెప్పండి. "మీ ఇష్టం" అనే జవాబు మాత్రం వద్దు, అది మా ఇంట్లోనే కావలసినంత ఉంది.

గోదావరి గట్టు:
అమ్మాయీ, మీ అత్తగారితో పాటు నేనూ కంచం ముందు నుంచి లేస్తున్నాను. మాటలు రాని పిల్లకు ఏడుపొక్కటే నోరు. చెవిపోటో, కడుపుబ్బరమో, పన్ను వస్తోందో, దోమ కుట్టిందో, అమ్మ కనబడక బెంగో, ఏదీ తేల్చుకోకుండా తలుపేసుకొని గడియారం చూస్తూ కూర్చోవడం పెంపకం అనిపించుకోదు. నాలుగో రోజుకు ఏడుపు మానితే నిద్ర నేర్చుకుందని మీరంటారు. పిలిచినా ఎవరూ రారని తెలుసుకుందని నేనంటాను.

మా ఇళ్ళలో నూనె రాసి, కాళ్ళ మీద వేసుకొని వేణ్ణీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి, ఆవాల దిండు మీద పడుకోబెడితే అర్ధరాత్రి దాకా కదిలేవాళ్ళు కాదు. కదిలితే ఉయ్యాల తాడు మా అమ్మ చేతిలోనే ఉండేది, ఆవిడ నిద్రలోనే లాగేది. నలుగురిని పెంచాను. ఒక్కరూ ఇప్పుడు నా పక్కలో పడుకుంటామని మారాం చేయడం లేదు. ఒకడైతే ఫోను కూడా చేయడు.

ఎడిసన్ నాన్న:
పిన్నిగారూ, నమస్కారం. మేము న్యూజెర్సీలో ఉంటాం, మా బాబుకు ఏడో నెల దాటాక నిద్ర నేర్పాం. తలుపేసుకొని తెల్లవారేదాకా వెళ్ళకపోవడం ఒక పద్ధతి మాత్రమే, మేము చేసింది అది కాదు. బోస్టన్ వైద్యుడు రిచర్డ్ ఫెర్బర్ 1980లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇంకొకటి ఉంది. పిల్లవాడు మెలకువగా ఉండగానే మంచం మీద వేసి బయటికి వస్తాం. ఏడిస్తే మూడు నిమిషాలకు, తర్వాత అయిదుకు, తర్వాత పదికి లోపలికి వెళ్ళి ఒంటి మీద చెయ్యి వేసి, రెండు మాటలు చెప్పి, ఎత్తుకోకుండా తిరిగి వస్తాం. అమ్మ రాదని కాదు, వస్తుంది కానీ ఊపదు అని వాడికి తెలుస్తుంది.

ఇది ఎందుకు పనిచేస్తుందో చెబుతాను. పెద్దవాళ్ళ నిద్ర సుమారు 90 నిమిషాల ఆవృత్తాలుగా సాగితే పసివాళ్ళది 50 నిమిషాలకు అటూఇటూగా సాగుతుంది. ఒక్కో ఆవృత్తం చివర అందరమూ కాస్త మెలకువలోకి వస్తాం, దిండు సర్దుకొని మళ్ళీ పడుకుంటాం. నోట్లో పాలతో నిద్రపోయిన పిల్లకు ఆ క్షణంలో పాలు లేవు, ఊపు ఆగిపోయింది. గాభరా పడదా? కొండాపూర్ అమ్మగారు చెప్పిన ముప్పావు గంట లెక్క సరిగ్గా ఇదే.

హాని జరుగుతుందనేవారికి: మెల్‌బోర్న్‌లో 326 మంది పిల్లలతో మొదలుపెట్టి, వాళ్ళలో 225 మందిని ఆరేళ్ళ వయసులో మళ్ళీ చూసి 2012లో ఫలితాలు ప్రచురించారు. పసితనంలో తల్లిదండ్రులకు నిద్ర నేర్పే పద్ధతులు చెప్పిన కుటుంబాలకూ, చెప్పని కుటుంబాలకూ పిల్లల మనసులో, ప్రవర్తనలో, తల్లితో అనుబంధంలో తేడా కనిపించలేదు. 2016లో అడిలైడ్‌లో చేసిన మరో పరిశీలనలోనూ ఒత్తిడి పెరిగిన జాడ లేదు.

లెక్క తేలాలి:
ఎడిసన్ గారూ, ఆ పరిశీలనలు రెండూ నేనూ చదివాను. మీరు చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి.

మెల్‌బోర్న్‌లో తల్లులకు నర్సులు రెండు దారులు చూపించి ఎంచుకోమన్నారు. ఒకటి మీరు చెప్పిన నిమిషాల పద్ధతి. రెండోది మంచం పక్కన కుర్చీ వేసుకొని కూర్చొని, పిల్ల నిద్రపోయేదాకా ఉండి, కొన్నాళ్ళలో ఆ కుర్చీని కొంచెం కొంచెం తలుపు వైపు జరుపుకోవడం. ఆ రెండింటినీ కలిపి వచ్చిన ఫలితాన్ని చూపి "హాల్లోకి మారిపోదాం" అనే పెద్దమనిషిని సమర్థించడం కుదరదు. పైగా అదే పరిశీలన ఆరేళ్ళకు హాని లేదన్నట్టే, లాభమూ మిగల్లేదని చెప్పింది. అడిలైడ్‌లో ఉన్నది 43 మంది పిల్లలు. వాళ్ళను మూడు గుంపులు చేశారు, ఒక్కో గుంపుకు పద్నాలుగు పదిహేను మంది చొప్పున వస్తారు. దాని మీద అంత ధీమా ఏమిటి?

అన్నిటికంటే ముందు, ఎనిమిది నెలల పిల్ల రాత్రంతా నిద్రపోవాలని ఎవరన్నారు? 2018లో కెనడా పరిశోధకులు చూస్తే ఆరో నెలలో నూటికి 38 మంది, ఏడాదికి కూడా నూటికి 28 మంది వరుసగా ఆరు గంటలు నిద్రపోవడం లేదు. వాళ్ళ ఎదుగుదలలో లోపమేమీ కనిపించలేదు. నడక ఏడాదికి వస్తే మెచ్చుకుంటాం, పద్నాలుగో నెలలో వస్తే ఊరుకుంటాం. నిద్ర విషయంలో మాత్రం పాపను తప్పుబట్టి సలహాదారుకు డబ్బు కడతాం.

గోదావరి గట్టు:
పేరుకు తగ్గ మనిషివి నాయనా. ఏడుపు ఆగినా లోపల కుమిలిపోతారని కూడా ఎవరో పరీక్ష చేసి చెప్పారని మా మనవరాలు అంది. అది కూడా రాయి.

లెక్క తేలాలి:
అదీ 2012లోనే వచ్చింది, న్యూజిలాండ్‌లో 25 మంది పిల్లల మీద. మూడో రాత్రికి పిల్లలు ఏడవడం మానేశారు, తల్లుల లాలాజలంలో ఒత్తిడి హార్మోను తగ్గింది, పిల్లలలో తగ్గలేదు. కానీ అమ్మా, దాన్ని మన పక్షాన వాడుకోవడం న్యాయం కాదు. పోల్చడానికి వేరే గుంపు లేదు. ఇంటి దగ్గర ఆ పిల్లలలో ఆ హార్మోను ఎంత ఉండేదో కొలవలేదు. ఆసుపత్రిలాంటి కొత్త చోట పడుకోబెట్టారు. దానిమీద వాదన నిలబడదు.

ఎడిసన్ నాన్న:
నాకు అక్కరకు వచ్చే మాట మీరే అన్నారు, సంతోషం. హాని ఉందని చూపినవాళ్ళు లేరు. లాభం ఆరేళ్ళకు మిగలకపోతే మిగలకపోయింది. ఉద్యోగానికి వెళ్ళే తల్లికి ఈ ఏడాది నిద్ర పట్టడం లాభం కాదా? కొండాపూర్ అమ్మగారు కారు నడుపుతారేమో కూడా అడగండి.

పిల్లల వార్డు:
ఒక ప్రభుత్వ ఆసుపత్రి పిల్లల విభాగంలో చాలా కాలంగా నర్సును. ఏడవనివ్వాలా వద్దా అని ఇంత వాదించుకున్నారు గాని, పాప దేనిమీద పడుకుంటోందని ఒక్కరూ అడగలేదు. ఏడుపు వల్ల మా వార్డుకు ఎవరూ రారు. పడక వల్ల వస్తారు.

పసిపిల్లలు ఏ కారణమూ తెలియకుండా నిద్రలోనే పోవడం ఉంది. అమెరికాలో 1994 నుంచి "వెల్లకిలా పడుకోబెట్టండి" అని ఊరూరా ప్రచారం చేశాక ఆ మరణాలు సగానికి పైగా తగ్గాయి. మందు లేదు, యంత్రం లేదు, పిల్లను తిప్పి పడుకోబెట్టారు, అంతే. వాళ్ళ పిల్లల వైద్యుల సంఘం 2022లో మళ్ళీ చెప్పింది: గట్టిగా, చదునుగా ఉండే పరుపు, దిండూ బొంతా బొమ్మా లేకుండా, కనీసం మొదటి ఆరు నెలలు తల్లిదండ్రుల గదిలోనే, కానీ వేరే పడక మీద. గమనించారా, పాపను గదిలో ఒంటరిగా వదిలేయమని వాళ్ళూ అనలేదు.

మన దగ్గర పక్కలో వేసుకోవడం మానరు, తెలుసు. పాలిచ్చే తల్లి, నెలలు నిండి పుట్టిన పిల్ల, ఇంట్లో పొగతాగడం, మద్యం లేవు, మత్తు కలిగించే మాత్రలు లేవు, గట్టి పరుపు అయితే తల్లిపాల వైద్యుల అకాడమీ 2020లో పక్కలో వేసుకోవడాన్ని నిషేధించలేదు. సోఫాలో పాలిస్తూ కునికిపాట్లు పడితే మాత్రం మంచం మీద కంటే ఎన్నో రెట్లు ప్రమాదం. నెల తక్కువ పిల్ల అయినా, రెండున్నర కిలోల లోపు పుట్టినా పక్క వేరుగా ఉండాలి.

పిన్నిగారూ, కోప్పడకండి. ఆవాల దిండు వద్దు, పసిపిల్లలకు ఏ దిండూ వద్దు. సాంబ్రాణి పొగ తలుపులు మూసిన గదిలో పడితే ఆయాసంతో నెబ్యులైజర్ పెట్టించుకోవడానికి మా దగ్గరికే వస్తారు. నూనె, స్నానం, జోలపాట మాత్రం రోజూ అదే వేళకు, అదే వరుసలో చేయండి. ఏ దేశం వైద్యులైనా అదే చెబుతారు.

కొండాపూర్ అమ్మా, మీది ఏ ఉయ్యాల? దగ్గు సిరప్ ఏమైనా పోస్తున్నారా? ప్రోమెథజైన్ ఉన్న సిరప్ నిద్రపడుతుందని పోసేవాళ్ళున్నారు. రెండేళ్ళలోపు పిల్లలకు దానివల్ల ఊపిరి ఆగిపోవచ్చు, అసలు ఇవ్వకూడదు.

గోదావరి గట్టు:
ఆవాల దిండు మీద పెరిగిన తలకాయలే ఈ దేశాన్ని నడుపుతున్నాయి తల్లీ. సరే, సాంబ్రాణి సంగతి ఒప్పుకుంటాను, మా పెద్దవాడికి ఆయాసం ఉండేది. దిండు సంగతి ఒప్పుకోను.

పిల్లల వార్డు:
ఒప్పుకోకపోయినా తీసేయండి, చాలు.

కొండాపూర్ అమ్మ:
సిరప్ ఏమీ లేదు. ఉయ్యాల అంటే సీలింగు కొక్కేనికి కట్టిన చీర ఉయ్యాల. అత్తగారి పాత నూలు చీర, రెండు మడతలు వేసి కట్టారు. పాప ఇప్పుడు అందులో కూర్చొని అంచు పట్టుకొని లేవబోతోంది. రాత్రి ఎనిమిదిన్నర దాకా ఒక కునుకు తీస్తుంది, మావారు పదింటికి వచ్చి ఆడిస్తారు, అప్పుడు టీవీ కూడా నడుస్తుంటుంది. పడుకునేసరికి పదకొండున్నర. ఇది రాస్తుంటే నాకే ఏదోలా ఉంది.

పిల్లల వార్డు:
లేచి నిలబడబోయే పిల్లకు చీర ఉయ్యాల ఇంక చాలించండి, ఇవాళే. చిన్నప్పుడు అందులో నడుము వంగి గడ్డం రొమ్మును తాకి ఊపిరి అందకపోవడం భయం. ఇప్పుడు పడిపోవడం, మెడకు చుట్టుకోవడం భయం. ఇంట్లో పెద్ద పిల్లలు ఉంటే దాన్ని మెలిపెట్టి తిరుగుతూ ఆడతారు, ఆ వార్తలు పేపర్లో చూస్తూనే ఉంటాం.

నాలుగు నెలల నుంచి ఏడాది లోపు పిల్లలకు పగటి కునుకులతో కలిపి రోజుకు 12 నుంచి 16 గంటల నిద్ర కావాలి. ఎనిమిదిన్నరకు లేచిన పిల్లకు మళ్ళీ నిద్ర ఎప్పుడొస్తుంది? సాయంత్రం అయిదు దాటాక కునుకు వద్దు. ఎనిమిదికల్లా లైట్లు తగ్గించండి. ఇంకొక మాట: ఆరో నెల దాటాక తల్లిపాలలోని ఇనుము చాలదు, అది తగ్గితే పిల్లలు నిద్రలో కాళ్ళు కొట్టుకుంటూ మాటిమాటికీ లేస్తారు. నోరు తెరిచి గురకపెట్టినా, పడుకోగానే చెవి పట్టుకొని ఏడ్చినా ముందు డాక్టరుకు చూపించండి. నేర్పడం తర్వాత.

ఎడిసన్ నాన్న:
పదిహేడు దేశాల, ప్రాంతాల పిల్లలను పోల్చిన 2010 నాటి సర్వే ఒకటి ఉంది, అందులో మన దేశమూ ఉంది. 29,287 మంది చిన్నపిల్లలు. ఆసియాలో పిల్లలు ఆలస్యంగా పడుకుంటారు, మొత్తం మీద తక్కువ నిద్రపోతారు, గది పంచుకోవడమూ ఎక్కువే. కునుకు, టీవీ సరిచేశాక కూడా లేస్తుంటే అప్పుడైనా నా మాట వినండి.

రాత్రి షిఫ్టు:
ఇంతసేపూ చదివాను. పాప లేస్తే ఎవరు లేస్తున్నారో ఎవరూ అడగలేదేం? పాలిచ్చేది తల్లి, ఊపేది తల్లి, పొద్దున ఆఫీసుకు పరిగెత్తేదీ తల్లి. "ఏడవనిద్దాం" అంటున్నది మాత్రం పదింటికి వచ్చి, ఆడించి, పడుకునే మనిషి. ఆయనకు పాప ఏడుపు తగ్గాలా, భార్యకు నిద్ర పట్టాలా? రెండోదైతే సలహాదారు అక్కర్లేదు. అర్ధరాత్రి నుంచి నాలుగింటి దాకా ఆయన చూడాలి. పాలు పిండి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. మా ఇంట్లో అలాగే గడిచింది.

లెక్క తేలాలి:
ఈ ఒక్క మాటకు పరిశీలనలతో పని లేదు.

ఎడిసన్ నాన్న:
నేను మాత్రం రాత్రిళ్ళు లేచాను అండీ. నిమిషాల లెక్క చూసింది నేనే, మా ఆవిడ చెవుల్లో దూది పెట్టుకొని పక్కగదిలో పడుకుంది. ఏడుపు వింటూ పది నిమిషాలు ఆగడం తల్లికే కష్టం, నాన్నకు తేలిక అనేవాళ్ళు ఒక రాత్రి ఆగి చూడాలి.

కొండాపూర్ అమ్మ:
ఈ సాయంత్రం మావారితో కూర్చొని ఇదంతా చదివించాను. "రాత్రి షిఫ్టు" గారి మాట దగ్గర కాసేపు ఏమీ అనలేదు. చీర ఉయ్యాల విప్పేశాం. అత్తగారు ఆ చీర మడిచి తన బీరువాలో పెట్టుకున్నారు, మళ్ళీ కడతారేమో తెలియదు. కర్ర కటకటాల చిన్న మంచం ఒకటి మా మంచానికి ఆనించి వేస్తున్నాం. పాపను వేరే గదికి మార్చడం లేదు, తలుపు మూయడం లేదు. కుర్చీ పద్ధతి చేద్దామన్నారు మావారు. కుర్చీలో కూర్చునేది ఆయనే. పాలకు మాత్రం రాత్రి ఒకసారి నన్ను లేపుతారు. శనివారం రక్తపరీక్షకు తీసుకెళ్తున్నాం.

అత్తగారు పెట్టిన షరతు ఒకటి ఉంది: పాప వెక్కిళ్ళు పెట్టేదాకా వెళ్తే ఎవరి పద్ధతీ వినరట, తీసుకెళ్ళి తన పక్కలో పడుకోబెట్టుకుంటారట. దీన్ని ఒప్పుకోవాలా?

గోదావరి గట్టు:
ఒప్పుకోవాలి.

ఎడిసన్ నాన్న:
ఒప్పుకోకూడదు. మూడు రోజులు నేర్పింది ఒక్కసారి ఎత్తుకోవడంతో పోతుంది. ఏడ్చే కొద్దీ ఎత్తుకుంటారని పాప నేర్చుకుంటుంది.

పిల్లల వార్డు:
ఎత్తుకోనివ్వండి. ఊరడించాక మళ్ళీ చిన్న మంచం మీదికి. ఆవిడ పరుపు మెత్తని దూది పరుపైతే పక్కలో వద్దు, అది మాత్రం ముందే చెప్పండి.