కీక్యాప్‌లకు ప్రాచీన లిపి: ఏది నప్పుతుంది?

ప్రశ్న: కీబోర్డులోని 26 అక్షరాల మీటలకు అలంకారంగా పాత లిపి వేయించాలి. పీబీటీ (ఒక రకం ప్లాస్టిక్) క్యాపులు, డై-సబ్లిమేషన్ (వేడితో రంగును ప్లాస్టిక్‌లోకి ఇంకించే అచ్చు). ఫినీషియనా, మేకుల్లాంటి గుర్తులతో ఉండే ఉగరిటిక్ క్యూనిఫామా, బ్రాహ్మీయా?

జవాబు 1: ముందు లెక్క చూసుకోండి. ఫినీషియన్‌లో ఉన్నవి 22 అక్షరాలే, నాలుగు మీటలు బోసిగా మిగులుతాయి. ఉగరిటిక్‌లో 30, మిగిలిన నాలుగూ కామా, ఫుల్‌స్టాప్ లాంటి మీటల మీద సర్దేయొచ్చు. చిక్కల్లా ఆ మేకు గుర్తులతోనే. వేడికి రంగు ప్లాస్టిక్‌లోకి ఇంకుతూ అంచుల్లో కాస్త పాకుతుంది, పక్కపక్కనున్న మూడు మేకులు కలిసి ఒకే మచ్చవుతాయి. అక్షరం 6 మి.మీ. ఎత్తులో పెట్టి, గీతల మధ్య 0.4 మి.మీ. ఖాళీ వదలండి.

జవాబు 2: నా ఓటు బ్రాహ్మీకే. 'క' ఉత్త కూడిక గుర్తు, 'ఠ' వట్టి సున్న, 'థ' సున్నలో చుక్క. చిన్నగా వేసినా చెదరవు. గుణింతాల జోలికి పోకుండా హల్లులు తీసుకుంటే 26 మీటలూ నిండుతాయి. 'ఠ'ని మాత్రం 'ఓ' మీటకి ఇవ్వకండి, మామూలు ఇంగ్లిష్ క్యాపే అనుకుంటారు!

జవాబు 3: లేత రంగు క్యాపులే కొనండి, ముదురు ప్లాస్టిక్ మీద ఈ రంగు తేలదు. ఫైలు పంపేముందు అక్షరాలను అవుట్‌లైన్లుగా (ఫాంట్ అక్కర్లేని గీతల బొమ్మలుగా) మార్చండి. అవతల ఆ ఫాంట్ లేకపోతే అచ్చయ్యేవి ఖాళీ డబ్బాలే.